ప్రజలే పార్టీగా నడిచిన ఇందులాల్ చాచా

ఎన్నికల్లో గెలవడం స్వతంత్ర అభ్యర్థికి సగం పని మాత్రమే. పార్టీ యంత్రాంగం గానీ, మంత్రివర్గంలో స్థానం గానీ, చట్టసభలో తనవారి బలం గానీ లేని ప్రతినిధి గెలిచిన మర్నాటి నుంచి ఏమి చేయగలడన్నది రెండో సగం. 1957లో జరిగిన రెండో సార్వత్రిక ఎన్నికల్లో లోక్‌సభకు 42 మంది స్వతంత్రులు ఎన్నికయ్యారు. వారిలో ఈ ప్రశ్నకు అందరికన్నా స్పష్టమైన జవాబు తన ఆచరణతో ఇచ్చిన వ్యక్తి అహ్మదాబాద్ సభ్యుడు ఇందులాల్ కన్హయ్యాలాల్ యాజ్ఞిక్. గుజరాత్ ప్రజలు ఆయనను ఇందులాల్ చాచా అని, ఇందు చాచా అని పిలుచుకున్నారు. ప్రత్యేక గుజరాత్ రాష్ట్ర సాధనకు నాయకత్వం వహించిన నేతగా చరిత్రలో నిలిచిన ఆయన జీవితం, ఓటర్లకూ వారు ఎన్నుకున్న స్వతంత్ర ప్రతినిధికీ మధ్య బంధం ఎలా బలపడుతుందో, ఎక్కడ సడలుతుందో కూడా తెలియజేస్తుంది.

నడియాద్ నుంచి బొంబాయికి

ఇందులాల్ 1892 ఫిబ్రవరి 22న ఖేడా జిల్లా నడియాద్‌లో బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. అహ్మదాబాద్‌లోని గుజరాత్ కళాశాలలోనూ, బొంబాయిలోని సెయింట్ జేవియర్స్ కళాశాలలోనూ చదువుకుని, న్యాయశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నారు. వకీలుగా స్థిరపడే అవకాశం ఉన్నా ఆ వృత్తి ఆయనను నిలుపుకోలేకపోయింది. అనీబిసెంట్ ప్రభావంతో ప్రజాసేవ వైపు మొగ్గి, 1915లో గోపాలకృష్ణ గోఖలే స్థాపించిన సర్వెంట్స్ ఆఫ్ ఇండియా సొసైటీలో చేరారు. రెండేళ్లకే దానిని విడిచి హోమ్‌రూల్ ఉద్యమంలోకి వెళ్లారు.

పత్రికా రచనలో ఆయనకు మొదటి నుంచీ ఆసక్తి మెండు. శంకర్‌లాల్ బాంకర్, జమ్నాదాస్ ద్వారకాదాస్‌లతో కలిసి బొంబాయి నుంచి యంగ్ ఇండియా అనే ఆంగ్ల పత్రికను ప్రారంభించారు. గుజరాతీలో నవజీవన్ అనే మాసపత్రికను స్వయంగా నడిపారు. 1919లో ఈ రెండు పత్రికలూ గాంధీజీ చేతికి వచ్చాయి. దేశమంతటికీ గాంధీజీ వాణిని చేరవేసిన ఆ పత్రికలకు తొలి పునాది వేసిన వారిలో ఇందులాల్ ఒకరన్న సంగతి తరువాతి కాలంలో చాలామందికి గుర్తులేకపోయింది.

గాంధీజీకి దగ్గరగా, దూరంగా

1918లో ఖేడా జిల్లాలో పంటలు దెబ్బతిని, భూమిశిస్తు చెల్లించలేక రైతులు అల్లాడుతున్న సమయంలో జరిగిన సత్యాగ్రహంలో వల్లభ్‌భాయ్ పటేల్‌తో పాటు గాంధీజీకి కుడిభుజంగా నిలిచిన యువకుల్లో ఇందులాల్ ఉన్నారు. ఊరూరా తిరిగి రైతుల పరిస్థితులు తెలుసుకోవడం, వారి చేత ప్రతిజ్ఞలు చేయించడం, జప్తులకు బెదరకుండా ధైర్యం చెప్పడం ఈ కార్యకర్తల పని. ప్రజల మధ్య పనిచేయడంలో తొలి పాఠం ఆయన నేర్చుకున్నది అక్కడే.

అనంతరం గుజరాత్ రాష్ట్ర కాంగ్రెస్ సంఘం కార్యదర్శి అయ్యారు. అయితే ఆదివాసుల, అంటరానివారుగా వెలివేయబడిన కులాల విద్యకూ, సంక్షేమానికీ సంస్థ నిధులు ఎంతమేరకు వినియోగించాలన్న విషయమై వల్లభ్‌భాయ్‌తో ఆయనకు తీవ్ర భేదాభిప్రాయాలు తలెత్తాయి. ఆయన పదవికి రాజీనామా చేశారు. తన మాట చెల్లని చోట పదవిని పట్టుకుని ఉండకపోవడం ఆయన స్వభావం. ఈ స్వభావం ఆయనకు జీవితాంతం గౌరవాన్నీ, ఒంటరితనాన్నీ కూడా తెచ్చిపెట్టింది.

1923లో అరెస్టయి యెరవాడ జైలుకు వెళ్లినప్పుడు అక్కడ గాంధీజీ సాన్నిహిత్యం మళ్లీ లభించింది. దక్షిణాఫ్రికా సత్యాగ్రహ చరిత్రను గాంధీజీ చెబుతుండగా జైలులో రాసుకున్న లేఖకుడు ఇందులాలే. అంతటి సాన్నిహిత్యం ఉన్నా ఆయన అనుచరుడిగా మిగిలిపోలేదు. గాంధీజీ విధానాలను నిశితంగా విమర్శిస్తూ ఆంగ్లంలో ఒక గ్రంథం రాశారు. మధ్యలో కొంతకాలం మూకీ చలనచిత్రాల నిర్మాణంలోకి దిగి చేతులు కాల్చుకున్నారు. 1930 నుంచి 1935 వరకు ఐరోపాలో గడిపి, విదేశాల్లో భారత స్వాతంత్ర్యం కోసం ప్రచారం చేశారు. విప్లవకారుడు శ్యామ్‌జీ కృష్ణవర్మ జీవిత చరిత్రను ఆ తరువాత గ్రంథస్థం చేశారు.

రైతుల మధ్య

స్వదేశానికి తిరిగివచ్చిన తరువాత ఇందులాల్ దృష్టి రైతుల మీదికి మళ్లింది. 1936 ఏప్రిల్‌లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షులు కాగా, గుంటూరు జిల్లా నిడుబ్రోలుకు చెందిన ఆచార్య ఎన్.జి.రంగా ప్రధాన కార్యదర్శి అయ్యారు. సభ పక్షాన వెలువడిన కిసాన్ బులెటిన్ సంపాదకత్వ బాధ్యతను ఇందులాల్ స్వీకరించారు. ఆంధ్ర రైతు ఉద్యమంతో ఆయనకు పరోక్షంగా ఏర్పడిన అనుబంధం ఇది. ఇదే సభ మహాసభ 1940 మార్చిలో శ్రీకాకుళం ప్రాంతంలోని పలాసలో జరిగింది.

గుజరాత్‌లో ఆయన కౌలుదార్ల సమస్యలను, దక్షిణ గుజరాత్‌లో తరతరాలుగా భూస్వాముల ఇళ్ల వద్ద అప్పు కింద కట్టుబడి ఉన్న హాలీలనే పాలేర్ల దుస్థితినీ వెలుగులోకి తెచ్చారు. రెండో ప్రపంచ యుద్ధానికి వ్యతిరేకంగా ప్రచారం చేసినందుకు మళ్లీ జైలుకు వెళ్లారు. తరువాత మెహమ్దాబాద్ సమీపంలోని నేన్‌పూర్ గ్రామంలో ఆశ్రమం ఏర్పరచుకుని, గ్రామసేవలోనూ, ఆత్మకథా రచనలోనూ కాలం గడపసాగారు. ఆరు సంపుటాలుగా వెలువడిన ఆ ఆత్మకథ గుజరాతీ సాహిత్యంలో ప్రముఖ స్థానం సంపాదించుకుంది.

అరవై ఏళ్లు దాటిన ఆయనకు ఇక రాజకీయ జీవితం ముగిసినట్టేనని చాలామంది భావించారు. అసలు అధ్యాయం అప్పటికింకా ప్రారంభం కాలేదు.

1956 ఆగస్టు

పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరులో ఆత్మార్పణ చేయడం, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడడం దేశమంతటా భాషాప్రయుక్త రాష్ట్రాల ఆకాంక్షకు ఊపిరి పోశాయి. రాష్ట్రాల పునర్విభజనలో తమకూ ప్రత్యేక రాష్ట్రం వస్తుందని గుజరాతీలు ఎదురుచూశారు. బొంబాయి నగరాన్ని కేంద్రపాలిత ప్రాంతంగా ఉంచి, గుజరాత్, మహారాష్ట్రలను విడివిడి రాష్ట్రాలుగా ఏర్పరచే ప్రతిపాదన కూడా కొంతకాలం పరిశీలనలో ఉంది. అయితే 1956 ఆగస్టులో కేంద్రం ఆ ప్రతిపాదనను విరమించి, గుజరాతీ, మరాఠీ ప్రాంతాలను కలిపి విశాల ద్విభాషా బొంబాయి రాష్ట్రాన్ని ఏర్పాటు చేయాలని నిశ్చయించింది.

ఆగస్టు 8న అహ్మదాబాద్ విద్యార్థులు ఈ నిర్ణయంపై సంజాయిషీ కోరుతూ భద్ర ప్రాంతంలోని కాంగ్రెస్ భవనం వద్దకు ఊరేగింపుగా వెళ్లారు. పోలీసులు కాల్పులు జరిపారు. విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. నగరం అట్టుడికింది. నేన్‌పూర్‌లో ఉన్న ఇందులాల్ అహ్మదాబాద్ చేరుకున్నారు.

ప్రజలకు నచ్చజెప్పేందుకు బొంబాయి ముఖ్యమంత్రి మొరార్జీ దేశాయ్ అహ్మదాబాద్ వచ్చి బహిరంగ సభ తలపెట్టగా, ఉద్యమకారులు జనతా కర్ఫ్యూకు పిలుపునిచ్చారు. ప్రజలు ఎవరికి వారు ఇళ్లలో ఉండిపోవడంతో వీధులు నిర్మానుష్యమయ్యాయి. మొరార్జీ నిరశన దీక్ష చేపట్టినా పరిస్థితి మారలేదు. ప్రభుత్వం విధించే కర్ఫ్యూకు భిన్నంగా ప్రజలే స్వచ్ఛందంగా పాటించిన ఈ నిరసన రూపం అప్పటికి కొత్త.

సెప్టెంబరు 9న మహాగుజరాత్ జనతా పరిషత్ ఆవిర్భవించింది. ఇందులాల్ అధ్యక్షుడయ్యారు. ప్రజా సోషలిస్టులు, కమ్యూనిస్టులు, విద్యార్థులు, వకీళ్లు, రచయితలు, ఏ పార్టీకీ చెందని పౌరులు అందులో చేరారు. ఒకరి సిద్ధాంతం మరొకరికి గిట్టనివారే అందులో అధికం. ప్రత్యేక రాష్ట్రమనే ఒక్క కోరిక వారిని ఒక చోటికి చేర్చింది. ఏ పార్టీకీ చెందని ఇందులాల్ అందరికీ ఆమోదయోగ్యుడయ్యారు. అక్టోబరు 2న ప్రధాని నెహ్రూ అహ్మదాబాద్‌లో ప్రసంగించిన సమయంలోనే లా కాలేజీ మైదానంలో ఇందులాల్ నిర్వహించిన పోటీ సభకు జనం పోటెత్తారు.

1956 నవంబరు 1న తెలుగువారంతా ఒకే రాష్ట్రంగా ఏర్పడి ఆంధ్రప్రదేశ్ అవతరణ ఉత్సవాలు జరుపుకున్నారు. అదే రోజున గుజరాతీలు తాము కోరని ద్విభాషా రాష్ట్రంలో పౌరులయ్యారు.

మిల్లుల నగరంలో తీర్పు

కొద్ది నెలల్లోనే సార్వత్రిక ఎన్నికలు వచ్చాయి. పరిషత్ అభ్యర్థులు పోటీకి దిగారు. గుర్తింపు పొందిన పార్టీ కానందున ఎన్నికల రికార్డుల్లో వారు స్వతంత్రులుగా నమోదయ్యారు. అహ్మదాబాద్ అప్పట్లో ద్విసభ్య నియోజకవర్గం. సాధారణ స్థానానికి ఇందులాల్ పోటీ చేశారు. ఆయన ప్రత్యర్థి కేంద్ర కార్మిక మంత్రి ఖండూభాయ్ దేశాయ్.

ఈ పోటీ ప్రాముఖ్యం తెలియాలంటే అహ్మదాబాద్ స్వరూపం తెలియాలి. నూలు, వస్త్రాల మిల్లులతో నిండిన ఆ నగరంలో లక్షకు పైగా కార్మికులు పనిచేసేవారు. గాంధీజీ, అనసూయా సారాభాయ్‌ల మార్గదర్శకత్వంలో 1920లో ఏర్పడిన మజూర్ మహాజన్ దేశంలోని అత్యంత పటిష్ఠమైన కార్మిక సంఘాల్లో ఒకటి. ఖండూభాయ్ ఆ సంఘం నుంచి ఎదిగిన నాయకుడు. ఒకవైపు కేంద్ర మంత్రి, పాలక పక్షం, దశాబ్దాల చరిత్ర గల కార్మిక సంఘం. మరోవైపు ఆరు నెలల వయసు గల పరిషత్, అరవై అయిదేళ్ల వృద్ధుడు.

ఇందులాల్ గెలిచారు. కేంద్ర కార్మిక మంత్రి కార్మికుల నగరంలోనే ఓడిపోయారు. షెడ్యూల్డ్ కులాలకు రిజర్వు చేసిన రెండో స్థానాన్ని కూడా కర్సన్‌దాస్ పర్మార్ స్వతంత్రుడిగా గెలుచుకున్నారు. బొంబాయి శాసనసభకు పరిషత్ తరఫున ఎన్నికైన వారిలో రచయిత జయంతి దలాల్ ఒకరు.

ఎన్నిక తరువాత

విజయోత్సవాలు ముగిశాక అసలు సమస్య ఎదురైంది. లోక్‌సభలో 494 స్థానాలుండగా కాంగ్రెస్‌కు 371 దక్కాయి. రాష్ట్ర సరిహద్దులను మార్చే అధికారం పార్లమెంటుది. అక్కడ ఒక స్వతంత్ర సభ్యుడు ఎంత గట్టిగా వాదించినా ఓటింగులో నెగ్గే ప్రసక్తి లేదు. నియోజకవర్గానికి పనులు మంజూరు చేయించి ప్రజలను తృప్తిపరచే మార్గం కూడా నాడు లేదు. పార్లమెంటు సభ్యుల స్థానిక ప్రాంతాభివృద్ధి నిధుల పథకం వచ్చింది 1993లోనే. ఇందులాల్ వద్ద ఉన్నవి రెండే. సభలో లేచి మాట్లాడే హక్కు ఒకటి. తనను పంపిన ప్రజలు రెండోది.

ఈ రెంటినీ విడదీయకుండా నడపడమే ఆయన అనుసరించిన పద్ధతి. గెలిచిన తరువాత పరిషత్‌ను ఎన్నికల సంఘంగా మూలనపడేయలేదు. ఢిల్లీలో మాట్లాడే సభ్యుడి వెనుక అహ్మదాబాద్‌లో కదిలే జనం లేకపోతే ఆ మాటకు విలువ ఉండదని ఆయన గ్రహించారు. వీధుల్లో ఉద్యమం ఎంత పెద్దదైనా దానిని చట్టసభలో వినిపించే గొంతు లేకపోతే అది శాంతిభద్రతల సమస్యగా మాత్రమే పరిగణింపబడుతుందన్న సంగతి కూడా ఆయనకు తెలుసు. బొంబాయి శాసనసభలో పరిషత్ సభ్యులు మరాఠీ ప్రాంతపు సంయుక్త మహారాష్ట్ర సమితితో భుజం కలిపారు. బొంబాయి నగరం ఎవరికి చెందాలన్న వివాదంతో దూరమైన రెండు ప్రజానీకాలు ద్విభాషా రాష్ట్రం వద్దన్న విషయంలో ఒక్కటి కావడం అప్పటి రాజకీయాల్లో కీలక పరిణామం.

అమరవీరుల స్తంభం

ఈ కలయికకు అసలు పరీక్ష 1958లో వచ్చింది. కాల్పులు జరిగి రెండేళ్లు నిండిన సందర్భంగా ఆగస్టు 8న వేలాది పౌరులు కాంగ్రెస్ భవనం సమీపాన అమరులైన విద్యార్థుల స్మారక స్తంభాన్ని ప్రతిష్ఠించారు. నాలుగు రోజులు తిరగకముందే అధికారులు రాత్రివేళ దానిని తొలగించారు. నగరం మళ్లీ భగ్గుమంది. 12న మళ్లీ కాల్పులు జరిగాయి. ఈ కాల్పులపై న్యాయవిచారణకు కోత్వాల్ కమిషన్ ఏర్పాటైంది.

ఆగ్రహం హింసగా మారితే ఉద్యమం చేజారిపోతుంది. చల్లారనిస్తే గెలిచిన ఓట్లు వృథా అవుతాయి. ఈ రెండు ప్రమాదాల మధ్య పరిషత్ ఎంచుకున్నది ఖంభీ సత్యాగ్రహం. ఖంభీ అంటే గుజరాతీలో వీరుల జ్ఞాపకార్థం నిలిపే చిన్న స్తంభం. ఆగస్టు మూడో వారం నుంచి సత్యాగ్రహుల జట్లు వంతులవారీగా స్మారక స్థలానికి బయలుదేరి అరెస్టు కాసాగాయి. ఏడు నెలలకు పైగా ఈ క్రమం కొనసాగింది.

ఇందులో ఒక ఆచరణాత్మకమైన తెలివి ఉంది. లక్షమందిని ఒక రోజు వీధుల్లోకి తేవడం కన్నా కొద్దిమంది చొప్పున నెలల తరబడి పంపడం కష్టం. అందుకు పేర్లు రాసుకునేవారు, వంతులు వేసేవారు, జైలుకు వెళ్లినవారి ఇళ్లు చూసుకునేవారు, కోర్టుల్లో వాదించేవారు కావాలి. ఓటు వేసిన పౌరుడికి ఎన్నికైన నాలుగు రోజుల తరువాత సాధారణంగా చేయడానికి ఏ పనీ మిగలదు. అహ్మదాబాద్‌లో ఆ పౌరుడికి పని దొరికింది. తాను పంపిన సభ్యుడు ఢిల్లీలో ఏమి అడుగుతున్నాడో, తాను ఊరిలో ఏమి చేయాలో అతడికి స్పష్టంగా తెలుసు.

ఫలితం కనిపించడానికి మరి కొంతకాలం పట్టింది. ద్విభాషా రాష్ట్రం నిలదొక్కుకోలేదని కాంగ్రెస్ నాయకత్వమే క్రమంగా అంగీకరించింది. 1959లో ఆ పార్టీ అధ్యక్షురాలిగా ఉన్న ఇందిరాగాంధీ విభజనకు మొగ్గు చూపారు. బొంబాయి పునర్వ్యవస్థీకరణ చట్టాన్ని 1960లో పార్లమెంటు ఆమోదించింది. ఆస్తులు, అప్పుల పంపకం, కొత్త రాష్ట్రపు బడ్జెట్ లోటు, రాజధాని నిర్మాణ వ్యయం వంటి ఆర్థిక విషయాలపై ఉభయ ప్రాంతాల నాయకుల మధ్య దీర్ఘ చర్చలు జరిగాయి. బొంబాయి నగరం మహారాష్ట్రకు దక్కింది. 1960 మే 1న గుజరాత్ రాష్ట్రం అవతరించింది. సర్వోదయ నాయకుడు రవిశంకర్ మహారాజ్ దానిని ప్రారంభించారు. జీవరాజ్ మెహతా తొలి ముఖ్యమంత్రి అయ్యారు.

రాష్ట్రం కోసం పోరాడిన పరిషత్‌కు ఆ రాష్ట్ర ప్రభుత్వంలో చోటు లేదు. కాల్పుల కాలంలో అధికారంలో ఉన్న కాంగ్రెస్ పక్షమే కొత్త రాష్ట్రాన్నీ ఏలింది.

కోరిక తీరాక

ఒకే కోరిక మీద ఏర్పడిన ఐక్యత ఆ కోరిక తీరిన రోజున ఏమవుతుందన్న ప్రశ్న అప్పుడు ముందుకు వచ్చింది. లక్ష్యం నెరవేరింది కనుక పరిషత్ పని ముగిసిందని దానిలోని అనేకులు భావించారు. పార్టీలవారు తమ పార్టీలకు వెళ్లిపోయారు. పరిషత్ రద్దయింది. విద్యార్థులు చదువులకు, ఉద్యోగాలకు మళ్లారు.

ఇందులాల్ అభిప్రాయం వేరు. రాష్ట్రం ఏర్పడడం వల్ల మిల్లు కార్మికుడి జీతం గానీ, కౌలుదారు హక్కు గానీ దానంతటదే పెరగదని, ప్రజల సంఘటన కొనసాగాలని ఆయన వాదన. ఆయన నూతన మహాగుజరాత్ జనతా పరిషత్ పేరిట కొత్త సంస్థను స్థాపించారు. అయితే ప్రత్యేక రాష్ట్రమన్న మాటకు కదిలినంతగా రైతులు, వ్యాపారులు, మధ్యతరగతి ఉద్యోగులు ఈ కొత్త పిలుపునకు కదలలేదు. 1962 ఎన్నికల్లో 154 స్థానాల గుజరాత్ శాసనసభలో కొత్త పరిషత్‌కు దక్కింది ఒక్క స్థానమే. కాంగ్రెస్ 113 స్థానాలు గెలిచింది. ప్రతిపక్ష స్థానాన్ని 26 స్థానాలతో స్వతంత్ర పార్టీ ఆక్రమించింది. కిసాన్ సభలో ఇందులాల్‌కు పూర్వ సహచరుడైన ఎన్.జి.రంగా ఆ పార్టీ వ్యవస్థాపక అధ్యక్షుడు కావడం యాదృచ్ఛికమే అయినా గమనించదగినది. ఉద్యమ ఫలితాన్ని ఉద్యమ సంస్థ దక్కించుకోలేకపోయింది.

అహ్మదాబాద్ మాత్రం తన సభ్యుడిని విడిచిపెట్టలేదు. 1962లో ఇందులాల్ మళ్లీ లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఓటర్లతో తన ఒప్పందాన్ని ఆయన కొత్త విషయాలపై తిరగరాసుకోవడమే ఇందుకు కారణం. ఈసారి ఆయన చేపట్టినవి ధరలు, తిండిగింజలు, కరువు భత్యం. మజూర్ మహాజన్ సంప్రదింపుల పద్ధతితో అసంతృప్తి చెందిన మిల్లు కార్మికులను ఆయన సమీకరించారు. 1964లో నిత్యావసరాల ధరల పెరుగుదలకు వ్యతిరేకంగా సాగిన ఆందోళనకు నాయకత్వం వహించారు. 1965లో అహ్మదాబాద్ నగరపాలక సంస్థ ఎన్నికల్లో ఆయన పరిషత్ కాంగ్రెస్‌ను ఓడించి అధికారం చేజిక్కించుకుంది. కమ్యూనిస్టు నాయకుడు దినకర్ మెహతా అటు తరువాత నగర మేయర్ అయ్యారు.

రాష్ట్రమంతటా క్షీణించిన సంస్థ ఒక్క నగరంలో నిలదొక్కుకోవడానికి కారణం స్పష్టమే. రోజువారీ సమస్యలపై రోజువారీ పని జరిగినది ఆ నగరంలోనే. ఎక్కడైతే ప్రజలకూ ప్రతినిధికీ మధ్య పని కొనసాగిందో అక్కడ మద్దతు నిలిచింది. పని ఆగిన చోట పాత కీర్తి ఓట్లు తేలేదు.

ఒంటరి బాటకు హద్దులు

1967లో ఆయన మూడోసారి, స్వతంత్రుడిగా గెలిచారు. అప్పటికి డెబ్బై అయిదేళ్ల వయసు. ఈ పద్ధతిలోని లోపాలు కూడా ఆ నాటికి బయటపడ్డాయి. పరిషత్‌కు స్థిరమైన సభ్యత్వం గానీ, గ్రామస్థాయి శాఖలు గానీ, ఇందులాల్ తరువాత ఆ స్థానంలో నిలిచే రెండో శ్రేణి నాయకత్వం గానీ రూపొందలేదు. అంతా ఒక్క మనిషి చుట్టూ తిరిగింది. సంస్థల నియమాలకు కట్టుబడి ఉండడం ఆయన తత్వానికి సరిపడదని, సహచరులను కూడగట్టినంత వేగంగా వారికి దూరమవుతారని విమర్శకులు ఎత్తిచూపారు. ఆయన రాజీనామాల చరిత్ర చూస్తే ఈ విమర్శను పూర్తిగా కాదనలేము.

1969లో కాంగ్రెస్ చీలిపోయింది. బ్యాంకుల జాతీయీకరణ వంటి చర్యలు చేపట్టిన ఇందిరాగాంధీ వైపు ఇందులాల్ మొగ్గారు. పద్నాలుగేళ్ల పాటు కాంగ్రెస్‌ను ఎదిరించిన నాయకుడు 1971 ఎన్నికల్లో ఇందిరా కాంగ్రెస్ అభ్యర్థిగా పోటీ చేసి నాలుగోసారి గెలుపొందారు. గుజరాత్‌లో ఆయన ప్రత్యర్థిగా సుదీర్ఘకాలం నిలిచిన మొరార్జీ దేశాయ్ ఆ చీలికలో అవతలి పక్షాన ఉన్నారు. ఈ మార్పును కొందరు పేదల పక్షం నిలవడంగా భావించగా, మరికొందరు స్వతంత్ర రాజకీయాలకు ముగింపుగా చూశారు. ఒక్క విషయం మాత్రం నిర్వివాదం. స్వతంత్రుడిగా గెలిచిన పదవీకాలం నడిమధ్యలో ప్రజల అనుమతి లేకుండా ఆయన పార్టీ టికెట్ మీదికి మారలేదు. కొత్త గుర్తుతో ఓటర్ల వద్దకు వెళ్లి వారి తీర్పు పొందారు.

ఈ తేడాకు తరువాతి కాలంలో చట్టం గుర్తింపు లభించింది. 1985లో వచ్చిన పార్టీ ఫిరాయింపుల నిరోధక నిబంధనల ప్రకారం స్వతంత్రుడిగా ఎన్నికైన సభ్యుడు ఆ తరువాత ఏదైనా రాజకీయ పార్టీలో చేరితే సభ్యత్వానికి అనర్హుడవుతాడు. స్వతంత్రుడిగా వచ్చిన ఓటు పార్టీకి బదిలీ కాదన్నది ఆ నిబంధన సారాంశం.

నగరం మరచిపోని పాఠం

1972 జులై 17న ఇందులాల్ యాజ్ఞిక్ అహ్మదాబాద్‌లో మరణించారు. అప్పటికి ఎనభై ఏళ్లు. ఆస్తిపాస్తులు కూడబెట్టకుండా, నిరాడంబరంగా జీవించిన ఆయన అంతిమయాత్రకు నగరం కదిలి వచ్చింది. నెహ్రూ వంతెన తూర్పు దరిని ఆయన పేరిట ఉద్యానవనం, విగ్రహం వెలిశాయి.

ఆయన మృతి వల్ల ఖాళీ అయిన స్థానానికి అదే ఏడాది ఉపఎన్నిక జరిగింది. దేశమంతటా ఇందిరా కాంగ్రెస్ హవా సాగుతున్న కాలమది. గెలుపు పాలక పక్షానిదేనని భావించడం సహజం. అహ్మదాబాద్ ఓటర్లు పురుషోత్తమ్ మావళంకర్‌ను ఎన్నుకున్నారు. లోక్‌సభ తొలి స్పీకర్ జి.వి.మావళంకర్ కుమారుడైన ఆయన వృత్తిరీత్యా అధ్యాపకుడు. ఏ పార్టీకీ చెందని స్వతంత్రుడు. మూడేళ్ల తరువాత ఆత్యయిక పరిస్థితి విధించినప్పుడు, అనేకమంది ప్రతిపక్ష సభ్యులు జైళ్లలో ఉండగా, లోక్‌సభలో నిలబడి దానిని వ్యతిరేకించిన కొద్దిమందిలో మావళంకర్ ఒకరు.

లోక్‌సభలో స్వతంత్రుల సంఖ్య ఆ తరువాత తగ్గిపోయింది. 1957లో 42గా ఉన్న ఆ సంఖ్య 1971కి 14కు పడిపోయింది. 2014లో 3, 2019లో 4, 2024లో 7 మంది మాత్రమే స్వతంత్రులుగా గెలిచారు. నియోజకవర్గాలు పెద్దవి కావడం, ఎన్నికల వ్యయం పెరగడం, ప్రభుత్వాల ఏర్పాటే ఎన్నికల ప్రధానాంశం కావడం ఇందుకు కారణాలుగా చెప్పవచ్చు.

ఇందులాల్ స్థాపించిన రెండు పరిషత్‌లూ కాలగర్భంలో కలిసిపోయాయి. ఆయన ఎదిరించిన మజూర్ మహాజన్ బలం, ఆ సంఘానికి ఆధారమైన మిల్లులు కూడా తరువాతి దశాబ్దాల్లో క్షీణించాయి. ఏటా మే 1న గుజరాత్ జరుపుకునే అవతరణ దినోత్సవం మాత్రం మిగిలింది. ఒక్క ఓటు తప్ప మరే బలమూ లేని సభ్యుడూ, ఓటు వేసి ఇంటికి వెళ్లిపోవడానికి నిరాకరించిన నగరమూ మూడేళ్ల పాటు విడిపోకుండా చేసిన శ్రమ ఆ రోజు వెనుక ఉంది.